ఆకలితో ఉన్న వేరు ఎవరికైనా తలుపు తీస్తుంది

(కూరగాయల పంటల్లో భార లోహాలు, ఖనిజ పోషకాలు అన్న అంశంపై చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టాను. వెనక వరుసల వారికి సరిగా కనిపించకపోవచ్చు కాబట్టి నోటితో చెబుతాను. రెండింటిలోనూ ఉన్నవి పాలకూర మొక్కలే. ఒకే రోజు మొలిచాయి, ఒకే వెలుతురులో పెరిగాయి. మట్టి లేదు, పోషకాలు కలిపిన నీళ్లే. ఎడమ సీసాలో వేర్లు తెల్లగా, దారప్పోగుల్లా పొడవుగా, పిల్లవేర్లతో గుబురుగా ఉన్నాయి. కుడి సీసాలో వేర్లు పొట్టిగా, లావుగా ఉన్నాయి. గోధుమ రంగుకు తిరిగాయి, కొసలు మొద్దుబారాయి. ఆ సీసా నీళ్లలో అదనంగా చిటికెడు కాడ్మియం లవణం ఉంది. మరే తేడా లేదు.

ఇప్పుడు వేర్లను మరిచిపోయి ఆకులు చూడండి. ఎడమవైపువి కాస్త వెడల్పుగా ఉన్నాయి. కుడివైపువీ పచ్చగానే ఉన్నాయి. వేర్లు కోసేసి రెండింటినీ ఒకే కట్టగా కడితే ఏది ఏదో మీరు పోల్చుకోలేరు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నేనూ పోల్చుకోలేను. పురుగు పడితే ఆకుకు చిల్లు పడుతుంది. తెగులు సోకితే మచ్చ వస్తుంది. లోహం అలాంటి మర్యాదలేవీ పాటించదు. మొక్క తట్టుకుని నిలబడగలిగినంత కాడ్మియం, దాన్ని తినే మనిషి మూత్రపిండాలు తట్టుకోగలిగిన దానికన్నా చాలా ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది.

కొలతలు కొన్ని చెప్పి ముందుకు వెళతాను. కోడెక్స్ అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం ఆకుకూరల్లో కాడ్మియం కిలోకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. దుంపల్లో 0.1, దోస, సొర జాతి కాయల్లో 0.05. ఆకుకూరల పరిమితిని మరోలా చెబితే, 5 టన్నుల ఆకుకూరలో ఒక గ్రాము. అంత కొంచానికి భయమెందుకంటే, ఒంట్లోకి వెళ్లిన కాడ్మియం మూత్రపిండాల్లో చేరి, అందులో సగం బయటికి పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు తీసుకుంటుంది. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది నీళ్లతో పండిన వరి తిన్నవారికి ఎముకలు మెత్తబడి, కదిలితే విరిగేంత దుస్థితి వచ్చింది. ఆ రోగులు మూలిగిన మాటే జబ్బు పేరైంది: ఇతాయ్ ఇతాయ్, అంటే నొప్పి నొప్పి. అది కాడ్మియం కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధి అని ఆ ప్రభుత్వం 1968లో అంగీకరించింది. నదికి ఎగువన ఉన్నది జింకు గని. ఈ జింకు అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సీసం, ఆర్సెనిక్, పాదరసం, క్రోమియం, నికెల్ కూడా ఈ జాబితాలోవే. 'భార లోహం' అన్న పేరు నాకు పెద్దగా నచ్చదు. ఆర్సెనిక్ అసలు పూర్తి లోహమే కాదు. రాగి, జింకు మొక్కకు ప్రాణావసరాలు, మోతాదు మించితే అవీ విషాలే. కానీ పేరు స్థిరపడిపోయింది, వాడుకుందాం.

నేను ఈ రోజు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది. కాడ్మియం కోసం మొక్క ఏ తలుపూ పెట్టుకోలేదు. కోట్ల ఏళ్ల పరిణామంలో కాడ్మియంను లోపలికి పిలవాల్సిన అవసరం వేరుకు ఎప్పుడూ రాలేదు. అది పక్కవాడి తలుపులోంచి వస్తుంది. కాల్షియం అయాన్ వ్యాసార్ధం 100 పికోమీటర్లు, కాడ్మియంది 95. రెండింటికీ ఒకే ఆవేశం. కణపొరలో కాల్షియం కోసం ఉన్న సందులోంచి కాడ్మియం నడిచివస్తుంటే ఆపేవారెవరు? ఇనుము కోసం, జింకు కోసం, మాంగనీసు కోసం ఉన్న వాహక ప్రోటీన్లూ అంతే, చుట్టాన్నీ దొంగనూ ఒకేలా లోపలికి తెస్తాయి. ఆర్సెనిక్ ఆక్సిజన్‌తో కలిసి ఆర్సెనేట్‌గా మారి, భాస్వర పోషకమైన ఫాస్ఫేట్ వేషంలో వస్తుంది. క్రోమియం అలాగే క్రోమేట్‌గా మారి, గంధక పోషకమైన సల్ఫేట్ దారి పడుతుంది.

ఇప్పుడు వేరు వైపు నుంచి ఆలోచించండి. మొక్కకు ఇనుము చాలలేదు. అది ఏం చేస్తుంది? ఇనుమును పట్టి తెచ్చే ప్రోటీన్లను మరిన్ని తయారుచేసి వేరు పైపొర నిండా నిలబెడుతుంది. తలుపులన్నీ బార్లా తెరుస్తుంది. బయట ఇనుము లేదు, కాడ్మియం ఉంది. ఎవరు వస్తారో వేరే చెప్పాలా? ఇనుము లోపించిన బఠానీ మొక్కలు కాడ్మియంను విపరీతంగా లాక్కుంటాయని 1998లో ప్రయోగాలు చూపించాయి. కాబట్టి పోషకాలతో లోహాన్ని ఆపడం అంటే మందు చల్లి విషాన్ని విరగ్గొట్టడం అనుకోకండి. వేరుకు ఆకలి లేకుండా చూడడం, అంతే.

జింకు దగ్గరికి వద్దాం. 1817లో జర్మనీలో ష్ట్రోమాయర్ అనే రసాయన శాస్త్రవేత్త మందుల దుకాణాల తనిఖీకి వెళ్లాడు. అక్కడ జింకు కార్బొనేట్‌ను కాలిస్తే తెల్లగా మారాల్సింది పోయి పసుపుగా మారుతోంది. ఇనుము కలిసిందేమో అనుకున్నారు, ఇనుము లేదు. ఆ పసుపు వెంట పడి ఆయన ఒక కొత్త లోహాన్ని పట్టుకున్నాడు. అదే కాడ్మియం. పుట్టడమే జింకు నీడలో పుట్టింది. భూమిలో కూడా జింకు ఖనిజం ఉన్నచోటే అదీ ఉంటుంది. గుణాల్లోనూ దాని తమ్ముడే, ఆవర్తన పట్టికలో జింకు కిందే దాని గది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, మొక్క పరిస్థితీ అదే.

అయితే ఈ బంధుత్వమే మనకు ఆయుధం కూడా. వేరు ముందు జింకు తగినంత ఉంటే ఒకే తలుపు దగ్గర ఇద్దరూ పోటీ పడతారు, కాడ్మియంకు దక్కే చోటు తగ్గుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో జింకు లోపించిన నేలల్లో గోధుమ విత్తేటప్పుడు హెక్టారుకు 5 కిలోల లోపు జింకు వేస్తే గింజలో కాడ్మియం సగం వరకూ తగ్గిన సందర్భాలు 1994లో నమోదయ్యాయి. గోధుమ కూరగాయ కాదు, నిజమే, కానీ సూత్రం అదే. ఆ వాక్యంలో 'జింకు లోపించిన నేలల్లో' అన్న ముక్క చాలామంది చెవిలో పడదు. జింకు పుష్కలంగా ఉన్న నేలలో మరో రెండు బస్తాలు కుమ్మరిస్తే ఆ ఫలితం రాదు. పైగా మట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉన్న కాడ్మియంను ఆ జింకు కదిలించి నీటిలోకి వదిలే ప్రమాదం ఉంది. ఎండు ఆకులో కిలోకు సుమారు 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువ జింకు ఉందా? అప్పుడు వేయండి. పారిశ్రామిక వ్యర్థాల నుంచి తయారయ్యే జింకు ఎరువుల్లో కాడ్మియం కలిసి ఉండవచ్చు, విశ్లేషణ పత్రం అడగకుండా కొనవద్దు.

సున్నం గురించి అందరికీ తెలుసు కాబట్టి త్వరగా ముగించాలనుకున్నాను, కానీ ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. ఆమ్ల నేలలో కాడ్మియం, సీసం, జింకు, నికెల్ కరిగి నీటిలో తిరుగుతాయి. సున్నం వేసి ఉదజని సూచికను, అంటే పీహెచ్‌ను, 6.5 దాటిస్తే అవి మట్టికి అతుక్కుంటాయి, వేరుకు అందడం తగ్గుతుంది. కాల్షియం కూడా దొరుకుతుంది కాబట్టి కణపొరలు గట్టిపడతాయి. ఆమ్ల నేలకు ఇంతకన్నా నమ్మకమైన మార్గం నాకు తెలియదు. కానీ కొందరు ఇది బాగుంది కదా అని ఏటా వేస్తూ పోతారు. సూచిక 7.5 దాటాక ఏమవుతుంది? ఇనుము, జింకు, మాంగనీసు కూడా మట్టిలో బిగుసుకుపోతాయి. మొక్కకు ఆకలి వేస్తుంది. ఆకలి వేసిన వేరు ఏం చేస్తుందో ఇందాకే చెప్పాను. ఏ దొంగను ఆపాలని గేటు వేశామో వాడికి పెరటి తలుపు మనమే తీసినట్టు. ఆ నేలలో ఉన్నది ఆర్సెనిక్ అయితే ఇంకా అన్యాయం. అది మిగతావాటికి విలోమం, నేల క్షారంగా మారేకొద్దీ మరింత కదులుతుంది.

భాస్వరం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే దీనంత రెండు నాలుకల పోషకం మరొకటి లేదు. సీసం ఉన్న నేలలో ఫాస్ఫేట్ వేస్తే రెండూ కలిసి పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా మారతాయి. అది నీటిలో దాదాపు కరగదు. సీసానికి మట్టిలోనే సమాధి కట్టినట్టే. బాగుంది. ఇప్పుడు అదే నేలలో సీసంతో పాటు ఆర్సెనిక్ కూడా ఉందనుకోండి. ఇది ఊహ కాదు. 1890ల నుంచి రెండో ప్రపంచ యుద్ధం అయ్యే దాకా అమెరికా ఆపిల్ తోటల్లో పురుగుల మీద లెడ్ ఆర్సెనేట్, అంటే సీసం, ఆర్సెనిక్ కలిసిన మందు, పిచికారీ చేశారు. ఆ తోటల మట్టిలో ఇప్పటికీ రెండూ ఉన్నాయి. అక్కడ ఫాస్ఫేట్ వేస్తే సీసం బిగుసుకుంటుంది, కానీ మట్టి రేణువుల మీద ఆర్సెనేట్ కూర్చున్న చోటును ఫాస్ఫేట్ ఆక్రమించి దాన్ని నీటిలోకి తోసేస్తుంది. ఒకడిని కట్టేసి మరొకడిని విడిచిపెట్టినట్టయింది. నీళ్లలో చేసే ప్రయోగంలో ఇది కనిపించదు. అక్కడ మట్టి లేదు కాబట్టి ఫాస్ఫేట్ పెంచితే వేరు తలుపు దగ్గర పోటీ పెరిగి ఆర్సెనిక్ తగ్గుతుంది, ప్రయోగశాలలో అందరూ సంతోషిస్తారు. పొలంలో మట్టి మధ్యలోకి వచ్చి లెక్క తారుమారు చేస్తుంది.

ఇంకో మాట. ఫాస్ఫేట్ ఎరువుకు ముడిసరుకైన రాతిలోనే కాడ్మియం ఉంటుంది. అవక్షేప శిలల నుంచి తీసిన వాటిలో ఎక్కువ, అగ్నిశిలల నుంచి తీసిన వాటిలో తక్కువ. కంచే చేను మేసే వ్యవహారం. ఐరోపా సమాఖ్య 2022 జులై నుంచి ఫాస్ఫేట్ ఎరువులకు పరిమితి పెట్టింది, కిలో భాస్వర పెంటాక్సైడ్‌కు (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం ఇది) 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదని. దానికి తోడు భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు లోపం వస్తుంది. మళ్లీ ఆకలి, మళ్లీ తలుపు.

పొటాష్ విషయంలో ఒక్కటే. మొక్కకు కావలసింది పొటాషియం, దాని వెంట వచ్చేది ఏమిటో చూసుకోండి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది. క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని మట్టి పట్టు నుంచి విడిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఉప్పు నీళ్లు పారిన బంగాళాదుంప పొలాల్లో దుంపలో కాడ్మియం పెరగడానికి ఇదే కారణమని 1990లలో తేల్చారు. కాడ్మియం అనుమానం ఉన్న నేలలో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మేలు. నత్రజనిలోనూ అమ్మోనియం రూపం వేరు చుట్టూ ఆమ్లాన్ని పెంచుతుంది, నైట్రేట్ రూపం తగ్గిస్తుంది. బస్తా మీద పోషకం శాతం చూసే కన్ను, పోషకం ఏ రూపంలో ఉందో కూడా చూడాలి.

ఇప్పుడు గంధకం. దీన్ని ఇష్టంగా చెబుతాను, కానీ చివర్లో ఒక మెలిక ఉంది. లోహం లోపలికి వచ్చేశాక మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. గ్లూటాథయోన్ అనే చిన్న అణువులను గొలుసుగా అల్లుతుంది. 1985లో జర్మన్ శాస్త్రవేత్తలు వీటిని గుర్తించి ఫైటోకెలాటిన్లు అని పేరు పెట్టారు. ఈ గొలుసులోని ప్రతి కొక్కెం ఒక గంధకపు పరమాణువే. అది కాడ్మియంను పట్టుకుని కణం మధ్యనున్న రిక్తిక అనే సంచిలోకి లాగి పడేస్తుంది. గంధకం లేకపోతే కొక్కేలు లేవు. ఆ గొడవలో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను అణచే ఎంజైములకు జింకు, రాగి, మాంగనీసు, ఇనుము కావాలి. అందుకే కడుపు నిండిన మొక్క కష్టాన్ని బాగా తట్టుకుంటుంది.

మెలిక ఇది. ఆ రిక్తిక ఎక్కడిది? వేరు కణానిదైతే శుభం, టమాటా కాయకో చిక్కుడు కాయకో లోహం చేరదు. అదే రిక్తిక పాలకూర ఆకుదైతే? మొక్క తన విషాన్ని పద్ధతిగా మూటకట్టి అటక మీద పెట్టుకుంది. హాయిగా ఉంది. ఆ అటకనే మనం కోసి వండుకుంటున్నాం. మొక్కను కాపాడడం వేరు, తినేవారిని కాపాడడం వేరు. ఈ రంగంలో వచ్చే పరిశోధన పత్రాలు చాలా వరకు మొదటిదాన్ని కొలిచి రెండోది సాధించినట్టు రాస్తాయి. పత్రహరితం పెరిగింది, మొక్క బరువు పెరిగింది, ఒత్తిడి తగ్గింది అని ఉంటుంది. తినే భాగంలో కిలోకు ఎంత లోహం ఉందో వెతకండి. అది ఇవ్వని పత్రాన్ని నేను పక్కన పెడతాను. అది తగ్గినట్టు కనిపించినా మరో అనుమానం మిగులుతుంది: లోహం నిజంగా తగ్గిందా, మొక్క పెరిగి అదే లోహం ఎక్కువ ఆకులో పరుచుకుందా? తినేవాడికి రెండూ మంచివే, కానీ పోషకం ఏ పని చేసిందన్న అవగాహన మారిపోతుంది.

నా సీసాను కూడా నేనే తిట్టుకోవాలి. మీకు వేర్లలో తేడా కనిపించాలని అందులో కాడ్మియం దండిగా వేశాను. కలుషిత నేలల్లోనూ మట్టి నీటిలో ఉండే గాఢత, మైక్రోమోలార్ అనే కొలతలో, మామూలుగా ఒకటికి లోపే. ప్రయోగాల్లో మాత్రం 50, 100 మైక్రోమోలార్లు పోసి, ఫలానా పోషకం మొక్కను బతికించిందని రాస్తారు. వరదలో పనికొచ్చిన పడవ చినుకులో గొడుగు అవుతుందా?

సిలికాన్ గురించి ఇటీవల సందడి ఎక్కువగా ఉంది. అది వేరు లోపలి పొరల్లో, కణకవచాల్లో పేరుకుని లోహం పైకి పాకే దారిని ఇరుకు చేస్తుంది. వరిలో సిలికాన్ తెచ్చే వాహకాలే, నీరు నిలిచిన నేలలో ఆర్సెనిక్ తీసుకునే రూపమైన ఆర్సెనైట్‌ను కూడా తెస్తాయని 2008లో తేలింది, కాబట్టి నీరు నిలిచే మడిలో దీనికి బలమైన తర్కం ఉంది. కూరగాయల మళ్లలో గాలి ఆడుతుంది, అక్కడ ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది, ఆ తర్కం అంతగా పనిచేయదు. పైగా అన్ని మొక్కలూ సిలికాన్‌ను ఒకేలా తీసుకోవు. దోస బాగా పీల్చుకుంటుంది, టమాటా దాదాపు తీసుకోదు. రెండింటికీ ఒకే సీసా అమ్మేవారిని కాస్త అనుమానించండి. సెలీనియం కొద్దిగా ఇస్తే మేలు చేస్తుందని చూపిన ప్రయోగాలు ఉన్నాయి, కానీ మేలుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఒక విషాన్ని ఆపడానికి మరొకటి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

'జింకును ఆకుల మీద పిచికారీ చేస్తే చాలదా?' ఆకు ఆకలి తీరుతుంది, అది మంచిదే. కానీ వేరు గుమ్మం దగ్గర పోటీ జరగాలంటే జింకు అక్కడే ఉండాలి. లోపం తీవ్రంగా ఉంటే రెండూ చేయండి.

'సీసం కోసం ఏ పోషకం వేయాలి?' ముందు ఆకులు కడగండి. సీసం వేరులోకి వచ్చినా అక్కడే ఆగిపోతుంది, పైకి పెద్దగా పాకదు. ఆకు మీద దొరికే సీసంలో చాలా భాగం దుమ్ము నుంచి, చిమ్మిన మట్టి నుంచి వచ్చిందే. దానికి ఎరువు సమాధానం కాదు. నేలపై ఆచ్ఛాదన పరచండి, పంటను బాగా కడగండి.

'సేంద్రియ సాగులో ఈ బాధ ఉండదు కదా?' ఉంటుంది. సేంద్రియ పదార్థం లోహాలను పట్టి ఉంచుతుంది, అది నిజం. కానీ మురుగు బురదతో చేసిన కంపోస్టు లోహాలను మోసుకొస్తుంది. సేంద్రియ సాగులో వాడే రాతి భాస్వరం కూడా ఆ రాయే.

'నేలలో కాడ్మియం ఎక్కువని పరీక్షలో తేలింది, పోషకాలన్నీ సరిచేశాను, ఇంకా పాలకూరలో పరిమితి దాటుతోంది. ఏం చేయాలి?' పాలకూర మానేయండి. ఆకుకూరలు లోహాన్ని ఎక్కువగా పోగుచేస్తాయి, చిక్కుళ్లు తక్కువగా. వంగ పండించాలంటే సోలానమ్ టార్వమ్ అనే అడవి వంగ వేరు మీద అంటు కట్టండి. ఆ వేరు కాడ్మియంను పైకి పంపడంలో మహా పిసినారి, జపాన్ ప్రయోగాల్లో కాయలో కాడ్మియం సగానికి పైగా తగ్గింది. పంట మార్చడం ఓటమి అనుకోకండి. పోషకాలతో అయ్యేది కొంతే, మిగతాది మొక్కను ఎంచుకోవడంలో ఉంది.

చివరి చీటీ. 'ఆ సీసాలను తర్వాత ఏం చేస్తారు?' కుడి సీసాలో మొక్కను కంపోస్టు గుంతలో వేయను. వేస్తే మొక్క కుళ్లిపోతుంది, కాడ్మియం కుళ్లదు, మళ్లీ మట్టిలో చేరుతుంది. మొక్క, నీళ్లు రెండూ ప్రమాదకర వ్యర్థాల డబ్బాలోకి వెళతాయి. ఎడమ సీసా కావలసినవారు తీసుకెళ్లవచ్చు. మూత మీద అంటించిన చీటీ చదివి తీసుకెళ్లండి, ఆకు చూసి కాదు.